రస్ట్‌లో మొదటి ప్రోగ్రామ్ రాయడం ఎలా? ప్రతి లైన్లో క్లోన్ పెట్టకుండా

తిరుపతిలో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటామని వచ్చే ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ఇన్‌స్టాల్ దగ్గర కాదు, లూపుల దగ్గరా కాదు, ఓనర్‌షిప్ దగ్గర, అంటే ఏ విలువకు ఎవరు యజమాని అనే నియమం దగ్గర. అక్కడికి రాగానే ఏదో వీడియో చూసి ప్రతి లైన్లో క్లోన్ (విలువకు ఇంకో కాపీ తీసేది) అతికించేస్తారు. ఎర్రర్లు పోయాయి కదా అని సంబరం. అలా రాసేదానికి రస్ట్ ఎందుకు, పైథాన్‌లోనే హాయిగా రాసుకోవచ్చు.

మనం రాసేది చిన్నదే. దామలచెరువు మామిడి మండీ తూకం చీటీల్లాంటివి లైనుకొకటి చొప్పున ఒక ఫైల్‌లో కొట్టుకుని, మొత్తం ఎన్ని కిలోలో తేల్చాలి. ‘తోతాపురి 420’, ‘నీలం 185’, ఇలాగన్నమాట.

ముందు రస్టప్ (రస్ట్‌ని ఇన్‌స్టాల్ చేసే టూల్) వేసుకోండి. విండోస్‌లో అయితే విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ కూడా కావాలి, అది గిగాబైట్ల లెక్క, మొబైల్ డేటా మీద మొదలుపెట్టకండి. లైనక్స్‌లో ఈ తలనొప్పి తక్కువ, నన్నడిగితే లైనక్సే. తర్వాత రస్ట్‌తో పాటే వచ్చే ప్రాజెక్ట్ టూల్ కార్గోతో ‘కార్గో న్యూ మండీ’ అని కమాండ్ ఇస్తే ఫోల్డర్ సిద్ధం. 2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. పెట్టకండి, లైనుకు రెండుసార్లు కీబోర్డు మార్చుకోవాలి.

ఫైల్‌ని రీడ్ టు స్ట్రింగ్‌తో చదివి, లైన్లుగా విడగొట్టి, రకం ఒక స్ట్రింగ్‌గా, కిలోలు అంకెగా ఉండే స్ట్రక్ట్‌లో (సంబంధమున్న విలువల కట్ట) వేసి, అన్నిటినీ ఒక వెక్టర్‌లోకి (పెరుగుతూ పోయే జాబితా) తోయండి. సీ నేర్చుకున్నవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. సీ పాయింటర్లు రానివాళ్లు మాత్రం ముందు అవి నేర్చుకుని రండి.

ఇప్పుడు అసలు సంగతి. మొత్తం కూడే ఫంక్షన్ ఒకటి రాసి, దానికి వెక్టర్‌ని ఇస్తారు. మొత్తం వస్తుంది. కింద లైన్లో అదే వెక్టర్‌ని ప్రింట్ చేయబోతే ఈ0382 అనే ఎర్రర్. విలువ మూవ్ అయిపోయింది, ఇక మీది కాదు అని దాని అర్థం. నిజానికి కంపైలర్ ఏ లైన్లో చెయ్యి మారిందో కూడా గీత గీసి చూపిస్తుంది. ఎవరూ చదవరు. ఎర్ర రంగు కనబడగానే టెన్షన్.

పొలానికి పట్టా ఒక్కరి పేరు మీదే ఉన్నట్టు, రస్ట్‌లో ప్రతి విలువకూ యజమాని ఒక్కడే. వెక్టర్‌ని అలాగే ఫంక్షన్‌కి ఇస్తే పట్టా రాసిచ్చేసినట్టు. వెక్టర్ పేరుకి ముందు యాండ్ గుర్తు (&) పెట్టి ఇస్తే చూసి రమ్మన్నట్టు, దీన్నే రెఫరెన్స్ అంటారు. చూసేవాళ్లు ఎందరైనా ఉండొచ్చు. యాండ్ మ్యూట్ (&mut) అంటే కౌలుకిచ్చినట్టు. దున్నేది ఒక్కడే, వాడి పని అయ్యేదాకా ఇంకెవరూ చూడటానికి కూడా లేదు, యజమాని అమ్మడానికీ లేదు. మన ఫంక్షన్ కూడటానికి చూస్తే చాలు కాబట్టి యాండ్ గుర్తే పెట్టాలి, ఫంక్షన్ తీసుకునే చోటా, మనం పిలిచే చోటా. ఇక్కడ క్లోన్ పెడితే ప్రోగ్రామ్ నడుస్తుంది, కాకపోతే ఒక్క కూడిక కోసం చీటీలన్నీ మెమరీలో రెండో కాపీ అవుతాయి.

‘అంకె ఇస్తే పని చేసింది సార్, స్ట్రింగ్ ఇస్తేనే రాలేదు’ అంటారు. అంకెలు చిన్నవి, వాటంతటవే కాపీ అవుతాయి. స్ట్రింగ్, వెక్టర్ అలా కావు.

ఇంకో చోట జాగ్రత్త. మొదటి చీటీకి ఒక రెఫరెన్స్ పట్టుకుని, ఆ తర్వాత వెక్టర్‌లోకి కొత్త చీటీ పుష్ చేసి, పాత రెఫరెన్స్‌ని ప్రింట్ చేయండి. ఈ0502 వస్తుంది. కంపైలర్‌కి చాదస్తమని తిట్టకండి. వెక్టర్‌లో జాగా చాలకపోతే అది మెమరీలో వేరేచోట పెద్ద జాగా తీసుకుని సరుకంతా అక్కడికి మార్చేస్తుంది. మీ చేతిలో మిగిలేది పాత అడ్రస్. సీ ప్లస్ ప్లస్ ఇదే తప్పును కిక్కురుమనకుండా కంపైల్ చేస్తుంది, ఒకరోజు నడుస్తుంది, ఇంకోరోజు కూలుతుంది. తమ ఉత్పత్తుల్లో ఏటా బయటపడే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్టే 2019లో చెప్పుకుంది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 నుంచి లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ గుండెకాయ) రస్ట్‌ని లోపలికి రానిచ్చింది కూడా ఊరికే కాదు. కెర్నల్ డ్రైవరు రాసే భాషలోనే వెబ్ సర్వరూ రాయొచ్చు. గో భాష గొప్పదని వాదించేవాళ్లున్నారు. దానికి గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని నడుస్తుండగానే ఏరిపారేసేది) ఉంది, కెర్నల్ దాకా రాలేదు.

పరిష్కారం సులువే: పాత రెఫరెన్స్‌తో పని ముందే ముగించి, తర్వాత పుష్ చేయండి. లైన్ల వరస మారిస్తే చాలు. ఎర్రర్ అర్థం కాకపోతే చాట్‌బాట్‌ని అడగకుండా రస్ట్ కంపైలర్ అయిన ‘రస్ట్‌సీ’ కమాండ్‌కి ఎక్స్‌ప్లెయిన్ ఆప్షన్, ఎర్రర్ నంబరు ఇవ్వండి. ఉదాహరణతో సహా చెబుతుంది.

రకం పేరులో మొదటి అక్షరం తీయాలనుకుంటే మాత్రం బైట్ల లెక్కన కోయకండి. ‘తోతాపురి’ మన కంటికి నాలుగు అక్షరాలు, కానీ లెన్ (బైట్ల లెక్క) అడిగితే 24 అంటుంది, క్యారెక్టర్లు లెక్కపెడితే 8 అంటుంది. సున్నా నుంచి ఒకటి దాకా కోస్తే కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు పానిక్ అవుతుంది, అంటే అక్కడికక్కడే ఆగిపోతుంది. క్యారెక్టర్ల లెక్కన తీసినా ‘త’ మాత్రమే వస్తుంది, ఓత్వం ఊడిపోతుంది. దీనికి యూనికోడ్ సెగ్మెంటేషన్ అనే క్రేట్ (రస్ట్ లైబ్రరీ) ఉంది, కార్గో యాడ్‌తో తెచ్చుకుని అందులో కంటికి కనబడే అక్షరాల లెక్కన విడగొట్టే గ్రాఫీమ్స్ వాడండి.

చివరగా ‘కార్గో బిల్డ్’కి రిలీజ్ ఆప్షన్ ఇచ్చి బిల్డ్ చేయండి. టార్గెట్ ఫోల్డర్‌లో రిలీజ్ కింద ఉండే ఆ ఒక్క ఫైల్‌ని మీలాంటి సిస్టమే ఉన్న ఇంకో కంప్యూటర్లో పెట్టినా నడుస్తుంది, అక్కడ రస్ట్ వేయక్కర్లేదు.