వర్డ్‌ప్రెస్‌లో డేటాబేస్ ఎర్రరా? కాన్ఫిగ్ ఫైల్ ముట్టుకునే ముందు ఇవి చూడండి

ముందు కాన్ఫిగ్ ఫైల్‌కి (డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్ అంటే సర్వర్ చిరునామా ఉండే wp-config.php), డేటాబేస్‌కి కాపీలు తీసుకోండి. కాన్ఫిగ్ కాపీని మాత్రం సైట్ ఫోల్డర్‌లోనే వేరే ఎక్స్‌టెన్షన్‌తో వదిలేయకండి, బ్రౌజర్‌లో ఆ పేరు కొడితే పాస్‌వర్డ్‌తో సహా ఎవరైనా చదివేయొచ్చు.

ఎర్రర్ నంబర్ తెలియకుండా ఏదీ మార్చొద్దు. వర్డ్‌ప్రెస్ పేజీలో అది మామూలుగా కనిపించదు కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్న వివరాలతోనే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అయి చూడండి.

- 1045: యూజర్ పేరో, పాస్‌వర్డో, ఒక్కోసారి ఆ యూజర్‌కి ఇచ్చిన హోస్టో (ఏ మెషీన్ నుంచి కనెక్ట్ కావచ్చో) కుదరలేదు.
- 1049: ఆ పేరుతో డేటాబేసే లేదు.
- 2002: అసలు సర్వర్ దాకానే వెళ్లలేదు. ఇక్కడ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఒరిగేదేమీ లేదు, మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్ సర్వర్ ప్రోగ్రామ్) నడుస్తోందా, కాన్ఫిగ్ ఫైల్‌లో హోస్ట్ సరిగ్గా ఉందా అని చూడాలి.

లినక్స్‌లో హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే కనెక్షన్ సాకెట్ ఫైల్ (అదే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ఫైల్) ద్వారా వెళ్తుంది, 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ పోర్ట్ ద్వారా, అంటే మామూలుగా 3306 ద్వారా వెళ్తుంది, రెండూ ఒకటే అనుకుంటే గంటలు గంటలు వృథా. డేటాబేస్ వేరే డాకర్ కంటెయినర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే పెట్టె లాంటిది) ఉంటే ఈ రెండూ పనికిరావు, డాకర్ సెట్టింగ్స్‌లో దానికి పెట్టిన సర్వీస్ పేరే ఇవ్వాలి.

సీప్యానెల్‌లో (హోస్టింగ్ కంపెనీలు ఇచ్చే కంట్రోల్ ప్యానెల్) డేటాబేస్ పేరు ముందు సాధారణంగా అకౌంట్ పేరు, అండర్‌స్కోర్ వచ్చి చేరతాయి. వాటితో సహా రాయాలి. యూజర్‌ని సృష్టిస్తే సరిపోదు, ఆ డేటాబేస్‌కి జత చేసి అనుమతులు కూడా ఇవ్వాలి (ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ). పాస్‌వర్డ్‌లో సింగిల్ కోట్ (') పెట్టకండి, కాన్ఫిగ్ ఫైలే చెడుతుంది.

డేటాబేస్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4) ఉండాలి, తెలుగు అక్షరాలు పట్టని లాటిన్1 (latin1) టేబుల్ అయితే మీ తెలుగంతా ప్రశ్నార్థకాలే.