యాప్ మూసినా పోని పైథాన్

మా షాపు బిల్లింగ్ యాప్‌ను ఎలక్ట్రాన్‌లో (వెబ్ కోడ్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే సాధనం) రాశాను. లెక్కలన్నీ వెనకాల ఓ పైథాన్ ప్రాసెస్, అంటే విడిగా నడిచే ప్రోగ్రాం, చూసుకుంటుంది. ఓ సాయంత్రం మా బావమరిది ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే, ఎప్పుడో మూసేసిన యాప్ తాలూకు పైథాన్‌లు పదకొండు కనిపించాయి.

తప్పు నాదే. విండోస్‌లో కిల్ అని పిలిస్తే ఆ ఒక్క ప్రాసెసే పోతుంది, దాని పిల్లలు, అంటే అది మొదలుపెట్టిన ప్రాసెస్‌లు, పోవు. పైథాన్ కోడ్‌ను ప్యాక్ చేసే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టిన ప్రోగ్రాం నడిచేటప్పుడు రెండు ప్రాసెస్‌లుంటాయి: ప్రోగ్రాంను మొదలుపెట్టే తల్లి బూట్‌లోడర్, అసలు పని చేసే పిల్ల. నేను తల్లిని మాత్రమే ఆపుతున్నాను. విండోస్‌లో టాస్క్‌కిల్ అనే ఆదేశానికి పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇచ్చి, స్లాష్ టి (పిల్లలతో సహా), స్లాష్ ఎఫ్ (బలవంతంగా) తగిలించండి. మ్యాక్, లినక్స్‌లలో స్పాన్ చేసేటప్పుడే, అంటే పైథాన్‌ను మొదలుపెట్టేటప్పుడే, డిటాచ్డ్ ట్రూ పెట్టండి, దానికి వేరే ప్రాసెస్ గుంపు ఏర్పడుతుంది. ఆపేటప్పుడు పీఐడీ ముందు మైనస్ పెడితే గుంపు మొత్తానికీ సిగ్నల్ వెళ్తుంది.

మరి యాపే క్రాష్ అయితే? మన కోడ్ నడిచే అవకాశమే ఉండదు. అందుకే పైథాన్‌లో ఓ థ్రెడ్‌ను (ప్రాసెస్ లోపల పక్కగా నడిచే పని) స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే యాప్ నుంచి వచ్చే పైపు, చదువుతూ కూర్చోబెట్టాను. యాప్ ఎలా పోయినా పైపు మూసుకుంటుంది, చదవడానికి ఇంకేమీ రాదు. వెంటనే ప్రాసెస్ మొత్తాన్నీ ఆపే ఓఎస్ డాట్ అండర్‌స్కోర్ ఎగ్జిట్ పిలవాలి. సిస్ డాట్ ఎగ్జిట్ అయితే ఆ థ్రెడ్ ఒక్కటే ఆగుతుంది!

ఇక యాప్, పైథాన్ మాట్లాడుకునే పోర్టు (కనెక్షన్ నంబరు) 5000 అని రాసిపెట్టకండి, కొత్త మ్యాక్‌లలో దాన్ని ఎయిర్‌ప్లే (ఆపిల్ స్ట్రీమింగ్ సదుపాయం) పట్టుకుని ఉండొచ్చు. సున్నా ఇస్తే సిస్టమే ఖాళీ పోర్టు చూసి ఇస్తుంది. ఆ నంబరును ప్రింట్ చేసి యాప్‌కు చెప్పండి, ఫ్లష్ ట్రూ మర్చిపోకుండా, లేకపోతే ఆ నంబరు బఫర్‌లోనే ఆగి యాప్‌కు చేరకపోవచ్చు. అది పెట్టక నేను ఓ రాత్రంతా తెల్ల తెర చూస్తూ కూర్చున్నాను.