హ్యాష్‌ట్యాగ్ పెట్టే ముందు ఇది చూస్కోండి

ఏదైనా ఇష్యూ మీద ఆన్‌లైన్‌లో జనాన్ని కదిలించాలంటే, పోస్ట్ చూసినవాళ్ళు వెంటనే ఏం చెయ్యాలో అందులోనే చెప్పెయ్యండి. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ అంతలా పాకింది ఎందుకంటే, నెత్తిన చన్నీళ్ళు పోసుకో, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు కోసం డబ్బులియ్యి, ఇంకొంతమందిని పేరు పెట్టి పిలువు, అంతే.

హ్యాష్‌ట్యాగ్ వాడేముందు మాత్రం దాన్ని సెర్చ్ చేసి అక్కడేం నడుస్తుందో చూడండి ప్లీజ్, 2020 జూన్ 2న ఎంతోమంది మంచి మనసుతోనే, నల్లజాతి వాళ్ళ మీద వివక్షకి వ్యతిరేకంగా నడిచే బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమానికి మద్దతుగా, ఆ ట్యాగ్‌తో ఉత్త నల్ల ఫొటోలు పెట్టేశారు, నిరసనల్లో ఉన్నవాళ్ళకి కావాల్సిన సమాచారమేమో వాటి కిందపడి కనిపించకుండా పోయింది, తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

లైకులు చూసి మురిసిపోకండి, కామెంట్ పెట్టినవాళ్ళకి అదే రోజు రిప్లై ఇచ్చి గ్రూప్‌లోకి తెచ్చుకోండి. నిరసన ఫొటోల్లో మొహాలు కనిపిస్తే బ్లర్ చేసాకే పెట్టండి.