పాత కారుకు 46 వేల ఎస్టిమేట్ వస్తే నేనేం చేశానంటే

నాది 2012 పెట్రోల్ కారు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు వైపు టకటక శబ్దం. సర్వీసుకిస్తే క్లచ్ సెట్, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్‌లు, బ్రేక్ ప్యాడ్లు, ఏసీ కాయిల్ కలిపి 46 వేలన్నారు. వీడియోలు చూశాను, బేరమాడాను, మా బావనడిగితే అమ్మేయమన్నాడు, ఏదీ తేలలేదు.

చివరికి ఏ పనీ చేయించకుండా బండి బయటికి తెచ్చేశాను. మా వీధి మెకానిక్ దగ్గర జాకీ మీద లేపించి, లిస్టులో ఒక్కోటీ “చూపించన్నా” అని అడిగాను. లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్‌లో ఉండే రబ్బరు ముక్కలు) చిరిగిపోయాయి, ప్యాడ్లు అరిగిపోయాయి. షాక్ అబ్జార్బర్లకు ఆయిల్ లీకు లేదు. తర్వాత క్లచ్. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో మెల్లగా పెడల్ వదిలాం. ఇంజిన్ టక్కున ఆగిపోయింది. క్లచ్ అరిగి జారుతుంటే ఇంజిన్ తిరుగుతూనే ఉండేది, అంటే క్లచ్ బాగానే ఉంది. (పదే పదే చేయకండి, ఆ టెస్టే క్లచ్‌ని తినేస్తుంది.)

బుష్‌లు, ప్యాడ్లు మాత్రమే మార్పించాను, 6,800 అయింది. శబ్దం పోయింది. ఏసీ సంగతి వేసవిలో చూద్దాం.

15 ఏళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్ ఎలాగూ ఉంది, నాకది 2027లో. అందుకే అంతకు మించి పెట్టలేదు. తుప్పు పట్టిన బండికో, డీజిల్ బండికో ఇదే లెక్క కుదురుతుందని మాత్రం చెప్పలేను.