క్యాంపర్‌లో ఏజెన్సీ కొండలకి వెళ్తున్నారా? ఎక్కడం సంగతి సరే, దిగడం ఎలాగో చూసుకోండి

ఈ మధ్య సాలూరు ఘాట్ కింద, పి.కోనవలస దాటాక రోడ్డు పక్కన ఒక క్యాంపర్ వ్యాను ఆగి ఉంది. ముందు చక్రాల లోపలి నుంచి సన్నగా పొగ వస్తోంది. ముక్కుకు పట్టుకుంటే వదలని మాడు వాసన. ఇద్దరు చిన్నపిల్లలు, ఒక ముసలావిడ చింతచెట్టు కింద నిలబడ్డారు. డ్రైవరు మంచినీళ్ల టిన్ను ఎత్తి చక్రం మీద పోయబోతుంటే వెనకాల ఆగిన లారీ డ్రైవరు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. వీళ్లకి ఏమీ కాలేదు, ఎందుకంటే బ్రేకులు ఆఖరి మలుపు దాటాక వదిలేశాయి. అవే రెండు మలుపుల ముందు వదిలేసి ఉంటే? 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్లో డముకు దగ్గర టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు పోయారు, అందులో పసిబిడ్డ కూడా ఉంది. ఆ ఘాట్ రోడ్డు ఇప్పటికీ అదే, ఆ మలుపులు అవే. ఇప్పుడు వేసవి సెలవులొచ్చాయి, విజయనగరం, శ్రీకాకుళం నుంచి బళ్లు బయల్దేరుతున్నాయి.

నీళ్లు తాగండి, టోపీ పెట్టుకోండి, కాగితాలు పట్టుకెళ్లండి అని నేను రాయను. అవి మీకు తెలుసు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే, అది ఎన్నిసార్లయినా చెబుతాను: ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి.

సాలూరులో లారీ నడిపే ఏ ఇంటికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. లారీల మీదే బతికిన ఊరు అది, కోరాపుట్ మీదుగా రాయపూర్ దాకా సరుకు తోలినవాళ్లు. ముప్పై ఏళ్లు ఘాట్లో స్టీరింగ్ పట్టినవాళ్లు కూడా సుంకి దాటగానే గేరు తగ్గించి నింపాదిగా దిగుతారు. మనం మాత్రం అద్దెకు తెచ్చిన వ్యానులో, వెనక మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు పెట్టుకుని, పాటలు వేసుకుని టాప్ గేర్లో జారిపోతాం.

ఎందుకు గేర్లోనే దిగాలి

లెక్క చూడండి. సామానుతో, మనుషులతో మూడున్నర టన్నులున్న బండి ఎనిమిది వందల మీటర్లు కిందికి దిగితే పుట్టే శక్తి ఏడు యూనిట్ల కరెంటుకు పైనే. రెండు కిలోవాట్ల గీజరు మూడున్నర గంటలు ఆపకుండా నడిస్తే ఎంత వేడి వస్తుందో అంత. అదంతా ఎక్కడికో ఒక దగ్గరికి పోవాలి కదా. ఇంజిన్‌కి పట్టనిస్తే ఇంజిన్ పట్టుకుంటుంది, రేడియేటరు, సైలెన్సరు బయటికి తోసేస్తాయి. లేకపోతే మొత్తం నాలుగు చక్రాల బ్రేకుల మీద పడుతుంది. లైనర్లు, ప్యాడ్లు ఒక హద్దు దాటి వేడెక్కాయంటే ఎంత తొక్కినా పట్టవు. ఆ తర్వాత బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పైపులో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. అప్పుడు కాలు కింద ఏమీ ఉండదు.

న్యూట్రల్, అంటే ఏ గేరూ లేకుండా వదిలేయడం, దాని సంగతి. దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లు బోలెడుమంది. ఇప్పటి ఇంజిన్లలో అది తప్పు. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటరు డీజిల్ సరఫరాయే ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్ వేసినవాడికి డీజిలూ మిగలదు, బ్రేకూ మిగలదు. ఇక తాళం తిప్పి ఇంజిన్ కూడా ఆపేసేవాళ్లకు రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు రాయిలా గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగ్ కూడా పోతుంది. అలా దిగే బండిలో మీ పిల్లల్ని కూర్చోబెట్టకండి. నడిపేవాడు సొంత మేనమామైనా సరే.

డ్రైవరుని పెట్టుకుని వెళ్తుంటే ఇంకో చిక్కుంది. కొందరు ఓనర్లు లీటరుకి ఇన్ని కిలోమీటర్లని లెక్క కట్టి డీజిల్ డబ్బులు చేతిలో పెడతారు, మిగిలింది డ్రైవరుది. పాపం అతనికి అదే పైసలు. అందుకే న్యూట్రల్. బయల్దేరే ముందే పక్కకి పిలిచి మర్యాదగా చెప్పండి: "అన్నా, డీజిల్ ఎంతైనా మేం పోయిస్తాం, ఘాట్లో మాత్రం న్యూట్రల్ వద్దు." ఆ ఐదారు వందలు మీకు పెద్ద లెక్క కాదు.

బండి తీసేముందు

అద్దెకి ఇచ్చేవాళ్లు ఏసీ చూపిస్తారు, పరుపు చూపిస్తారు, టీవీ చూపిస్తారు. మీరు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగండి. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. క్యాంపర్లు సీజనులో తప్ప ఎక్కువ తిరగవు, వానాకాలమంతా షెడ్డులోనో చెట్టు కిందో పడి ఉంటాయి, కిలోమీటర్లు తక్కువే కదా అని ఆయిల్ ఎవరూ మార్చరు. రెండేళ్లు దాటితే మార్పించాకే తీసుకోండి. ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి.

టైర్లదీ అదే కథ. గాడులు లోతుగా ఉంటాయి, కొత్తవాటిలా మెరుస్తాయి, వయసు మాత్రం ఎనిమిదేళ్లు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి చూడండి, 2320 అంటే 2020లో ఇరవైమూడో వారం తయారైంది. ఆరేళ్లు దాటిన టైరుతో మే నెల ఎండలో హైవే ఎక్కకండి. స్టెప్నీ మీద కూడా ఆ అంకెలు చూడండి. ఎండకి టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించడం చాలామందికి అలవాటు. గాలి తక్కువైతేనే టైరు నలిగి, లోపల వేడెక్కి పేలేది. కంపెనీ చెప్పినంత గాలి, పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

బరువు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు, ఇద్దరు మనుషులెక్కినట్టు. ఎస్.కోటలో ట్యాంకు నిండా నింపుకుని ఘాట్ ఎక్కాల్సిన పని లేదు, అరకులో నింపుకోవచ్చు. తిరిగి దిగే రోజు ట్యాంకు ఖాళీ చేసి దిగండి, వాడేసిన నీళ్ల ట్యాంకు కూడా. టాప్ మీద సామాను కట్టకండి, హెయిర్‌పిన్ మలుపులో ఎత్తైన బండి పక్కకి ఒరిగేది అందుకే.

ఘాట్ మీద

దిగడం మొదలవక ముందే, పైన సమతలంగా ఉన్నచోటే గేరు తగ్గించేయండి. సగం దిగాక, స్పీడు అందుకున్నాక తగ్గిద్దామంటే గేరు పడకపోవచ్చు, పడనప్పుడు బండి న్యూట్రల్‌లోనే ఉంటుంది. గాలికొండ వైపు రెండో గేర్లో ఎక్కారా, రెండో గేర్లోనే దిగండి. ఆటోమేటిక్ అయితే డి లో వదిలేయకండి, ఎల్ (తక్కువ గేరు) లోనో మాన్యువల్ మోడ్‌లోనో పెట్టండి. ఇంజిన్ గట్టిగా మోగుతుంది, లోపలివాళ్లు కంగారు పడతారు, ఆర్పీఎం మీటరు ముల్లు ఎర్రగీత దాటనంతవరకు ఆ మోత మంచిదే, బండిని ఇంజిన్ పట్టి ఉందని అర్థం.

బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. స్పీడు పెరిగిందా, ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి, కాలు పూర్తిగా తీసేయండి. బ్రేకు చల్లారడానికి ఆ వదిలిన సమయమే దిక్కు. మెత్తగా తొక్కి పట్టుకుని కిలోమీటర్లు దిగేవాళ్లు చాలా జాగ్రత్తగా నడుపుతున్నామనుకుంటారు, బ్రేకులు కాల్చేసేది వాళ్లే.

మాడు వాసన వచ్చినా, పెడల్ మామూలు కంటే కిందికి పోయినా, వెడల్పున్న చోటు చూసి ఆపేయండి. గేర్లో పెట్టి, చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. బండితో రెండు దిమ్మలు కచ్చితంగా ఉండాలి. నీళ్లు పోయకండి, కాలిన ఇనుము చిట్లుతుంది. కనీసం అరగంట, ముప్పావుగంట అలా వదిలేయండి. రాళ్లే పెట్టాల్సి వస్తే, కదిలేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన పడేయండి. మన ఘాట్లలో రోడ్డు మధ్య కనిపించే బండరాళ్లలో చాలావరకు ఇలా ఎవరో వదిలేసి పోయినవే, రాత్రిపూట బైకు మీద వచ్చే కుర్రాడికి అవి కనబడవు.

ఒకవేళ బ్రేకు పూర్తిగా పోతే: ఇంజిన్ ఆపొద్దు. ఒక్కో గేరూ తగ్గించండి. పెడల్ చకచకా తొక్కి వదులుతుండండి, కాస్త పట్టు దొరకొచ్చు. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా లాగండి. హారన్ మీద చెయ్యి తీయకండి. ఇంకా ఆగకపోతే కొండ వైపు గట్టుకి రాసుకుంటూ పోండి. బండి పోతుంది, పోనివ్వండి. లోయ వైపు మాత్రం తిప్పొద్దు.

అరకు నుంచి పాడువా, నందపూర్, సెమిలిగుడ మీదుగా చుట్టి సాలూరు ఘాట్లో దిగేవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. దేవమాలి కొండ చూసొచ్చి అలిసిపోయి ఉంటారు, సాయంత్రమై ఉంటుంది, ఇల్లు దగ్గర పడిందన్న తొందర ఉంటుంది, ఎదురుగా లోడు లారీలు వరసగా ఎక్కుతుంటాయి. ఈ దిగుడులోనే నేను ఎక్కువ పొగలు చూశాను. ఎక్కిన గేర్లోనే దిగండి. చీకటి పడేలా ఉంటే పొట్టంగి దగ్గరే ఆగిపోయి పొద్దున్న దిగండి, క్యాంపర్ తీసుకున్నది దేనికి మరి, పడుకోవడానికే కదా.

మిగతావి వరసగా చెప్పేస్తున్నాను.

ఎక్కే బండికి దారివ్వండి, రూలు అదే. దిగేవాడు ఆగి మళ్లీ కదలగలడు, నిండు లోడుతో ఎక్కేవాడు ఆగితే వెనక్కి జారతాడు.

బండి కదులుతుండగా వెనక మంచాల మీద ఎవరూ పడుకోకూడదు. పిల్లలైతే అసలే కాదు. అందరూ సీట్లో, బెల్టుతో.

కుక్కరు, సిలిండరు, ఇస్త్రీపెట్టె లాంటివి అన్నీ కింద అరలో, తాడేసి కట్టాలి. గట్టిగా బ్రేకు పడితే కుక్కరు ముందు సీట్లో వాళ్ల తలకి తగులుతుంది.

గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వెయ్యొద్దు, తీయొద్దు, తలుపులన్నీ తెరిచి అందరూ దిగండి. పడుకునేముందు రెగ్యులేటర్ దగ్గరే ఆపండి.

ఏసీ కోసం ఇంజిన్ ఆన్ చేసి నిద్రపోకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. లోపల బొగ్గుల కుంపటి కూడా వద్దు.

పిల్లల్ని బండిలో ఉంచి తాళం వేసి టిఫినుకి వెళ్లకండి. ఐదు నిమిషాలకైనా వద్దు.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మితే టెంటు, పందిరి పీకేసి బండిలోకి రండి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వేసవి పిడుగులకి పొలాల్లో ఎంతమంది పోతున్నారో ఏటా చూస్తూనే ఉన్నాం. తాడిచెట్టు కిందకి పోవద్దు. ఇనుప గుంజ పట్టుకోవద్దు. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్లో వేసుకోండి.

మొదటి వాన పడ్డ గంట ఘాట్ రోడ్డు సబ్బు నురగలా జారుతుంది, దుమ్మూ ఆయిలూ కలిసి. ఆ గంట ఆగండి.

కటికి జలపాతం దగ్గరైనా ఇంకెక్కడైనా పైన కొండ మీద ఉరుము వినబడితే నీళ్లలోంచి బయటికి. కింద ఎండ కాస్తున్నా సరే.

కళింగపట్నంలో వంశధార కలిసేచోట, బారువలో మహేంద్రతనయ కలిసేచోట స్నానాలు వద్దు. మోకాలి లోతులో ఉన్నవాణ్ణి కూడా లాగేస్తుంది. ఈత వచ్చినా సరే.

ఉద్దానంలో జీడితోటల పక్కన రాత్రి బస వద్దు, ఎలుగుబంట్లున్నాయి. కొమరాడ, గరుగుబిల్లి, కురుపాం వైపు ఏనుగులు తిరుగుతున్నాయి, నాగావళి ఒడ్డు ఎంత అందంగా ఉన్నా అక్కడ బండి ఆపి పడుకోకండి. ఊళ్లో బడి దగ్గరో, గుడి దగ్గరో అడిగి ఆపుకోండి.

వ్యూ పాయింట్ మలుపులో బండి ఆపి ఫొటోలు వద్దు. మీ వెనక బ్రేకులు పట్టని బండి వస్తుండొచ్చు.

తాగినవాడికి తాళాలివ్వొద్దు. రాత్రి తాగి, పొద్దున్న దిగిపోయింది అనేవాడికి కూడా ఇవ్వొద్దు.

దిగే రోజు డ్రైవరు పక్క సీట్లో కునుకు తీసే మనిషిని కూర్చోబెట్టకండి. మొహమాటం లేని మనిషి, న్యూట్రల్ వేయగానే "గేరు వెయ్యి" అని గట్టిగా అనగలిగే మనిషి కూర్చోవాలి. మీ ఇంట్లో అది అత్తయ్యయితే అత్తయ్యని కూర్చోబెట్టండి, కిటికీ పక్క సీటు ఇంకెవరికైనా ఇవ్వండి.