సివిల్ కోర్టు ఉత్తర్వుపై అప్పీలు: గడువు లెక్క నకలుపై వేసిన తేదీల్లోనే ఉంటుంది

స్థలం దావాలో ఓడిపోయిన ఒక పెద్దాయన, తీర్పు నకలు చేతికి అందిన రోజు నుంచి ముప్పై రోజులు లెక్కపెట్టుకుని నింపాదిగా అప్పీలుకు వచ్చారు. గడువు అంతకు చాలా ముందే ముగిసిపోయింది. కోర్టు ఆవరణలో ఇలా వెనుదిరిగేవారిని తరచూ చూస్తున్నందువల్ల ఈ వివరాలు రాస్తున్నాను.

కోర్టు ఇచ్చే ప్రతి ఉత్తర్వుపైనా అప్పీలు ఉండదు. దావాను తేల్చిన డిక్రీపై (తీర్పును అనుసరించి కోర్టు తయారుచేసే అధికారిక పత్రంపై), అది ఒక పక్షం హాజరుకాని కారణంగా ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా సరే, సివిల్ ప్రక్రియా స్మృతి 96వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఉభయులూ రాజీపడి పొందిన డిక్రీపై మాత్రం కుదరదు. దావా నడుస్తుండగా వచ్చే ఉత్తర్వుల్లో 43వ ఆర్డరు మొదటి రూల్‌లో పేర్కొన్నవాటికే ఆ అవకాశం ఉంది. తాత్కాలిక ఇంజంక్షన్ (ఒక పని చేయవద్దని నిలిపే ఉత్తర్వు) ఇచ్చినా, నిరాకరించినా, ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయడానికి ఒప్పుకోకపోయినా సి.ఎం.ఏ. (సివిల్ మిసిలేనియస్ అప్పీలు) వేయవచ్చు. ఆ జాబితాలో లేని ఉత్తర్వు వల్ల తుది తీర్పుపై ప్రభావం పడిందనుకుంటే, డిక్రీపై వేసే అప్పీలులోనే దాన్ని ఒక అభ్యంతరంగా లేవనెత్తవచ్చు.

జిల్లా స్థాయి కోర్టుకు వెళ్లే అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు వెళ్లేదానికి 90 రోజులు గడువు. ఈ రోజులు తీర్పు తేదీ నుంచి నడుస్తాయే తప్ప, నకలు అందిన తేదీ నుంచి కాదు. నకలు సిద్ధం కావడానికి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం (కేసులు వేసే గడువులను నిర్ణయించే చట్టం) 12వ సెక్షన్ మినహాయిస్తుంది. అయితే ఆ మినహాయింపు నకలు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మొదలవుతుంది. డిక్రీ ఇంకా తయారు కాలేదన్న కారణంతో దరఖాస్తు పెట్టకుండా ఆగితే, అలా ఆగిన రోజులు పోయినట్టే.

సర్టిఫైడ్ నకలుపై (కోర్టు ధృవీకరించి ఇచ్చే నకలుపై) దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు తీయడానికి కావలసిన స్టాంపులను కోర్టు కోరిన తేదీ, వాటిని దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ వరుసగా వేసి ఉంటాయి. ఉదాహరణకు తీర్పు జూన్ 3న వచ్చి, దరఖాస్తు జూన్ 10న పెట్టి, నకలు జూన్ 27న సిద్ధమైందనుకుందాం. తీర్పు రోజును వదిలేస్తే 30 రోజులు జూలై 3తో ముగుస్తాయి. నకలుకు పట్టిన 18 రోజులు (జూన్ 10, 27 రెండూ లెక్కలోకి తీసుకుని) కలిపితే చివరి తేదీ జూలై 21 అవుతుంది. సిద్ధమైన నకలును జూలై 15న తీసుకున్నవారికి మిగిలేది ఆరు రోజులే. స్టాంపులు కోరుతూ నోటీసు బోర్డులో పెట్టే జాబితాను చూసుకోక చేసిన ఆలస్యమూ మన ఖాతాలోకే వస్తుంది. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకుని, రెండు మూడు రోజులకొకసారి ఆ బోర్డు చూసుకోవాలి. ఈ-కోర్టుల వెబ్‌సైటు నుంచి తీసిన ప్రింటు చదువుకోవడానికి పనికొస్తుంది గానీ సర్టిఫైడ్ నకలు కాదు.

గడువు దాటితే దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఆలస్యానికి కారణాన్ని అఫిడవిట్‌లో వివరిస్తూ, దాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద పిటిషన్‌ను అప్పీలుతోపాటు వేయాలి. ఆసుపత్రి కాగితాల వంటి ఆధారాలు ఉంటే జతచేయాలి. మన్నించడం, మన్నించకపోవడం న్యాయమూర్తి నిర్ణయం. "లోపల మాట్లాడి తేదీ సర్దిస్తాను" అంటూ డబ్బు అడిగేవారి చేతిలో ఆ అధికారం లేదు. వకీలు ఫీజు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం అందుతుంది.

ఇక అప్పీలుకు నంబరు పడినంత మాత్రాన కింది కోర్టు డిక్రీ అమలు ఆగదు. ఎదుటివారు ఈ.పి. (డిక్రీ అమలు కోరే పిటిషన్) వేసి జప్తు దాకా వెళ్లవచ్చు కాబట్టి, అమలును నిలిపివేయమని కోరే స్టే పిటిషన్‌ను అప్పీలుతోపాటే దాఖలు చేయాలి. డబ్బు డిక్రీ అయితే కొంత మొత్తం డిపాజిట్ చేయమని కోర్టు షరతు పెట్టే అవకాశం ఉన్నందున ఆ ఏర్పాటు కూడా ముందే చూసుకోవాలి.