ఉపాధి కార్యక్రమాలకు కార్పొరేట్ ఫౌండేషన్ గ్రాంట్ ఎలా అడగాలి?

పేద కుటుంబాలు సొంత సంపాదనతో నిలదొక్కుకోవాలని పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు కంపెనీల ఫౌండేషన్లు మంచి ఆసరా. కానీ ఈ రంగంలో చాలా ప్రపోజల్స్ ఒకేచోట దెబ్బతింటాయి. ఇంతమందికి శిక్షణ ఇస్తాం అని చెప్పి ఆగిపోతాయి. ఆ మనుషులకు మన అవసరం ఎప్పటికి తీరిపోతుందో చెప్పవు. డబ్బిచ్చేవాళ్లు వెతికేది ఆ జవాబునే.

1. ఎవరిని అడగాలో తేల్చుకోండి

ఫౌండేషన్ చట్టప్రకారం వేరే సంస్థే అయినా, దాని ఆసక్తి తరచూ కంపెనీ వ్యాపారం చుట్టూనే తిరుగుతుంది. బ్యాంకులవి పొదుపు, చిన్న వ్యాపారాల వైపు మొగ్గుతాయి. టెక్నాలజీ కంపెనీలవి డిజిటల్ నైపుణ్యాల వైపు. తమ ఆఫీసులు, ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతాలకే ఇచ్చేవీ ఉంటాయి.

వెబ్‌సైట్‌లో రాసుకున్న ఆశయాల కంటే, ఇప్పటిదాకా ఎవరికి ఎంత ఇచ్చారో చూడటం మేలు. అమెరికాలో ప్రైవేట్ ఫౌండేషన్లు ఏటా దాఖలు చేసే 990-పీఎఫ్ ఫారంలో గ్రాంట్లు అందుకున్న సంస్థల పేర్లు, మొత్తాలు ఉంటాయి. దాన్ని ఎవరైనా చూడొచ్చు. భారత్‌లో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీలు తమ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విధానాన్ని, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీలాంటి సంస్థలకు మామూలుగా ఎంత ఇస్తున్నారో చూసుకుని, ఆ పరిధిలోనే అడగండి.

కొన్ని ఫౌండేషన్లు తాము పిలిచినవాళ్ల దరఖాస్తులే తీసుకుంటాయి. అలాంటిచోట ముప్ఫై పేజీలు పంపితే శ్రమ దండగ. ముందు ఒక చిన్న ఈమెయిల్ రాసి పరిచయం చేసుకోండి.

2. కాగితాలు సిద్ధంగా ఉంచండి

రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు పత్రాలు, ఆడిట్ రిపోర్టులు, బోర్డు సభ్యుల జాబితా. ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటే చివరి రోజు టెన్షన్ ఉండదు.

3. ప్రపోజల్‌లో అసలు విషయం రాయండి

కుట్టుపని కార్యక్రమమే తీసుకుందాం. "60 మంది మహిళలకు ఆరు నెలల శిక్షణ, తలా ఒక మెషిన్" అని రాశారనుకోండి. చదివే అధికారికి వెంటనే అనుమానాలొస్తాయి. ఆర్డర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మెషిన్ పాడైతే ఎవరు బాగుచేస్తారు? మొదటి ఆర్డర్ డబ్బు చేతికందేదాకా ఇల్లు గడిచేదెలా? బిడ్డకు జబ్బు చేస్తే ఆమె ఆ మెషిన్‌నే అమ్ముకోవాల్సి రాదా? ఈ నాలుగింటికీ ప్రపోజల్‌లోనే జవాబులుంటే అక్కడే సగం పని అయినట్టు.

వీటన్నిటినీ కలిపి చూసే పద్ధతి ఒకటి ఉంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో అత్యంత పేద కుటుంబాల కోసం మొదలుపెట్టిన కార్యక్రమం అది. దాన్నే ఇప్పుడు 'గ్రాడ్యుయేషన్' నమూనా అంటున్నారు. ఒక జీవనాధార ఆస్తి ఇస్తారు. కొంతకాలం ఇంటి ఖర్చుకు ఆసరాగా ఉంటారు. శిక్షణ, పొదుపు సరే, ఇంటికి వచ్చి మంచీచెడ్డా కనుక్కునే కార్యకర్త కూడా ఉంటారు. ఇథియోపియా, ఘనా, హోండూరస్, ఇండియా, పాకిస్తాన్, పెరూల్లో ఈ నమూనాను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత కూడా మొత్తమ్మీద ఆ కుటుంబాల ఆస్తులు, వినియోగం మెరుగ్గానే ఉన్నాయి. మీ పద్ధతి దీనికి దగ్గరగా ఉంటే ఆ మాట రాయండి.

ఇక లెక్కలు. సర్టిఫికెట్లు ఎన్ని ఇచ్చారన్నది ఫలితం కాదు. శిక్షణ అయిన ఏడాదికి ఆమె ఎంత సంపాదిస్తోంది, దారం, కరెంటు ఖర్చులు పోను ఎంత మిగులుతోంది, ఎంత దాచుకుంది అన్నవే ఫలితాలు. అందుకని చేరిన రోజే ఆమె ఆదాయం, అప్పులు రాసి పెట్టుకోవాలి. బేస్‌లైన్ లేకపోతే రేపు ఆదాయం పెరిగిందని ఏ ఆధారంతో చెబుతాం?

4. బడ్జెట్ ఇంకొకరితో చదివించండి

మా మొదటి ప్రపోజల్‌లో వివరణలో 40 మంది అని, బడ్జెట్ పట్టికలో 45 మంది అని పడింది. చివర్లో సంఖ్య మార్చి, పట్టిక సంగతి మరిచిపోయాం. అది వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి ప్రపోజల్ రాయని మనిషితోనే పట్టిక చదివిస్తున్నాం.

శిక్షణ తర్వాత ఏడాది పాటు ఇళ్లకు వెళ్లి చూసే కార్యకర్త జీతం తప్పకుండా పెట్టండి. ఖర్చు తక్కువగా కనబడాలని చాలామంది దీన్నే కొట్టేస్తారు. అప్పుడు మీరు మాటిచ్చిన ఫలితాన్ని కొలిచే మనిషే ఉండరు. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ ఖర్చు కూడా దాచకుండా చూపించండి, కాకపోతే దానికి ఆ ఫౌండేషన్ పెట్టిన పరిమితి ఎంతో ముందే అడగండి.

డబ్బొక్కటే కాదు, కంపెనీ ఉద్యోగుల సమయం కూడా అడగొచ్చు. జమాఖర్చులు రాయడం నేర్పే అకౌంటెంట్ నెలకు ఒక పూట వచ్చినా ఆ మహిళలకు ఎంతో మేలు.

5. పంపాక

కుదరదని జవాబొస్తే, కారణం చెప్పమని మర్యాదగా అడగండి. అందరూ చెప్పరు, చెప్పినవాళ్ల మాట మాత్రం వచ్చే దరఖాస్తుకు పనికొస్తుంది. గ్రాంట్ వస్తే రిపోర్టు తేదీలు ఆ రోజే క్యాలెండర్‌లో వేసుకోండి. మధ్యలో పదిమంది మానేసినా, ఆర్డర్లు తగ్గినా రిపోర్టు దాకా ఆగకండి. వెంటనే ఫౌండేషన్‌లో మీ గ్రాంట్ చూసుకునే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, బడ్జెట్‌లో ఏం మార్చాలనుకుంటున్నారో చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే ఖర్చు పెట్టండి.